కంచె లోపలికి వచ్చిన పంది ఎవరిది?

ప్రశ్న: మాది మందస మండలం. కొండ కింద తొమ్మిదెకరాల జీడితోట. మధ్యమధ్యలో కొబ్బరి, కంద ఉన్నాయి. తిత్లీ తుపానుకి పోయిన చెట్ల చోట మళ్లీ మొక్కలు వేసుకుంటూ వస్తున్నాం. రెండేళ్ల కిందట చుట్టూ ఐదడుగుల ఇనుప వల కంచె కట్టించాను. గెడ్డ (కొండవాగు) తోటలోకి వచ్చే చోట వల కింద కన్నం పడింది. అడవి పందులు అందులోంచి దూరి కంద తవ్వేస్తున్నాయి, కొబ్బరి మొక్కలు పీకేస్తున్నాయి. వారం నుంచి ఒక తల్లి, ఐదారు పిల్లలు తోటలోనే మకాం పెట్టాయి. "కన్నం మూసేసి కుక్కల్ని వదిలి బల్లేలతో పొడిచేద్దాం బావా, తోట దక్కుతుంది, అమ్మవారి పండక్కి కూరా దొరుకుతుంది" అంటున్నాడు మా బావమరిది. టెక్సాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు అక్కడ కంచె వేసిన ఎస్టేటులో డబ్బు కట్టి చుక్కల దుప్పిని కొట్టి ఫొటో పంపాడు. "కంచె లోపల ఉన్నది ఆసామిదే చిన్నాన్నా, ఎక్కడైనా అంతే" అంటాడు. నాకెందుకో మనసొప్పడం లేదు. తలుపు మూసి చంపడం తప్పా? తప్పయితే నా పంట సంగతేంటి?

జవాబు: ముందు ఒక పని. ఆ కన్నం ఇవాళ మూయకండి, ఇంకా వెడల్పు చేయండి. కంచె బాగు చేయడం తల్లీ పిల్లలూ బయటికి వెళ్లాకే. ఎలాగో కింద వివరంగా రాస్తున్నాం.

"కంచె లోపల ఉన్నది ఆసామిదే" అన్న మాట మన దగ్గర చెల్లదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి పట్టా భూమి, బంజరు, అడవి అన్న తేడా లేదు. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన పట్టికల్లో అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం, వేటకి తరమడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. కాబట్టి పంది లోపల ఉందని తెలిసి, పట్టాలనే ఉద్దేశంతో కన్నం మూస్తే, బల్లెం ఎత్తకముందే మీ కంచె బోను అయిపోయింది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి. దాని మాంసం మీ ఇంట్లో దొరికితే అది అక్రమంగా వచ్చింది కాదని రుజువు చేసుకునే బరువు మీ మీదే పడుతుంది. ఊళ్లో పదిళ్లకి వాటాలు పంచితే పదిళ్లకీ ఆ బరువు పంచినట్టే.

పంట కోసం చంపడానికి దారి అసలు లేదని కాదు. నిలిచి ఉన్న పంటకి ముప్పుగా మారిన రెండో షెడ్యూలు జంతువును వేటాడడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. చట్టంలో పదకొండో సెక్షన్ అది. నోటిమాట అనుమతి అనుమతి కాదు. అలా చంపినదైనా ప్రభుత్వానిదే, వంటింటికి రాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణకి చంపితే నేరం కాదని అదే సెక్షన్ చెబుతుంది. కానీ మీరే తలుపు మూసి, మీరే లోపలికి దిగి, మీదికి వచ్చిందని పొడిస్తే దాన్ని ఆత్మరక్షణ అని ఎవరూ నమ్మరు.

ఇక టెక్సాస్ సంగతి. ఫొటోలో ఉన్న చుక్కల దుప్పి మన అడవుల జంతువే. దాన్ని 1932లో అక్కడికి తీసుకెళ్లి వదిలారు. అక్కడిది కాదు కాబట్టి ఆ రాష్ట్ర చట్టం దాన్ని పశువుల లెక్కలో వేసింది, అందుకే దానికి ఆసామి ఉన్నాడు. అదే ఎనిమిదడుగుల కంచె లోపల అక్కడి సొంత తెల్లతోక జింక ఉంటే అది ఆసామిది కాదు, ఆ రాష్ట్ర ప్రజలది. వేటకి కాలం, సంఖ్య, లైసెన్సు అన్నీ వర్తిస్తాయి. దక్షిణాఫ్రికాలో మాత్రం 1991 నాటి ఒక చట్టం ప్రకారం సరైన కంచె ఉందని ధ్రువపత్రం పొందిన ఆసామి, తన భూమిలోని అడవి జంతువుల మీద హక్కు పోగొట్టుకోడు. మీ అబ్బాయి చెప్పిన మాటకి దగ్గరగా వచ్చేది అలాంటి చట్టమే. అంటే "ఎక్కడైనా అంతే" అన్నది టెక్సాస్‌లోనే సగం నిజం.

మీరడిగింది అంతకంటే లోతైన ప్రశ్న. చట్టం సరే, తలుపు మూసి చంపడం తప్పెందుకవుతుంది? మీ బావమరిది ఒక గట్టి ప్రశ్న వేస్తారు, దాన్ని దాటేసి జవాబు చెప్పడం నిజాయితీ కాదు: "మేకను మాత్రం తలుపు తీసి కోస్తున్నామా?"

లేదు. కానీ మేకను కోసేవాడు వేటాడుతున్నానని అనుకోడు. ఆ మేక మనిషి చేతి మేత తిని పెరిగింది. మనిషి దగ్గరికొస్తే బెదరదు. పనితనం ఉన్న చెయ్యి అయితే కత్తి పడేది ఒక్కసారే, క్షణాల్లో అయిపోతుంది. అక్కడి మర్యాద అంతా జంతువుకి భయం, నొప్పి ఎంత తక్కువ చేశామన్న దాని మీదే ఉంది. వేటకి మర్యాద వేరు. జంతువుకి భయం తప్పదు, పరుగు తప్పదు, కానీ తప్పించుకునే దారి ఉంటుంది. అరకు, పాడేరు కొండల్లో ఇటుకల పండగ రోజుల్లో వేటకి వెళ్లే ఆచారం ఉంది. చట్టం వాళ్లకీ మినహాయింపు ఇవ్వలేదు, అది వేరే చర్చ. కానీ ఆ కొండ మీద కణుజుకి (సాంబరు దుప్పికి) నాలుగు దిక్కులూ తెరిచే ఉంటాయి. చాలాసార్లు వెళ్లినవాళ్లు ఉత్తచేతులతో తిరిగొస్తారు. ఉత్తచేతులతో తిరిగిరావడం సాధ్యం కాని చోట జరిగేది వేట కాదు.

మూసిన కంచెలో వేట ఈ రెండు మర్యాదల్లోనూ నిలవదు. అడవి పందికి చూపు మందం, వాసన బలం. మూసిన చోట కుక్కలు మొరిగితే అది ముందు తను వచ్చిన కన్నం దగ్గరికే పరుగెత్తుతుంది. అక్కడ దారి లేకపోతే వల వెంబడి తిరుగుతుంది. తొమ్మిదెకరాల తోట చతురస్రంగా ఉందనుకున్నా చుట్టుకొలత దాదాపు ఏడు వందల అరవై మీటర్లు. మూలమూలకీ వచ్చి వలని ముట్టెతో కొడుతుంది, ముట్టె చీరుకుంటుంది, వలలో కాలు ఇరికి విరుగుతుంది. పిల్లలు వెనకబడతాయి, తల్లి వాటి కోసం తిరిగొస్తుంది. కుక్కలకి కడుపులు చీలేది, మనుషులకి తొడలు తెగేది అప్పుడే. మొదటి పోటుకే చావడం అరుదు. చర్మం మందం, బల్లెం జారుతుంది. కసాయి దగ్గర ఉండే త్వర లేదు, వేటలో ఉండే దారీ లేదు. రెండింట్లోనూ ఉన్న చెడ్డ మాత్రం మొత్తం ఇక్కడికొచ్చింది.

తల్లి అన్న సంగతి ఇంకొకటి. పిల్లల ఒంటి పొడవునా లేత చారలు ఉన్నాయేమో దూరం నుంచి చూడండి. ఉంటే అవి ఇంకా నెలల పిల్లలే, తల్లి పోతే బతకవు. పాండురాజు జంటగా ఉన్న లేడిని కొట్టినప్పుడు ముని తప్పుపట్టింది వేటను కాదు, అది ఏ స్థితిలో ఉందో చూసి కూడా ఆగకపోవడాన్ని. ఎప్పుడు కొట్టకూడదన్న ఆ ఇంగితం మనకి కొత్తదేం కాదు.

మన చట్టమూ ఈ తేడాని ఎప్పుడో పట్టుకుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, బంధించి ఉంచిన జంతువులను వదిలి కాల్చే పోటీలు పెట్టడాన్నీ, వాటిలో పాల్గొనడాన్నీ క్రూరత్వంగానే లెక్కగట్టింది. అమెరికాలో వేటగాళ్లే 1887లో పెట్టుకున్న బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ కూడా, కంచెలో తప్పించుకోలేని జంతువును కొట్టి తెచ్చిన కొమ్ములను తన రికార్డుల్లో రాయదు. వేట వద్దనే మనుషులు కాదు వాళ్లు, వేటంటే ప్రాణం పెట్టేవాళ్లు.

మీ అబ్బాయితో వాదన వద్దు, నాలుగు సంగతులు అడగండి చాలు. ఆ ఎస్టేటు ఎన్ని ఎకరాలు, అందులో పొద ఎంత, దుప్పి కనబడకుండా రెండు మూడు రోజులు దాక్కోగలదా? అక్కడే పుట్టి పెరిగినదాన్ని కొట్టాడా, ఆ వారమే తెచ్చి వదిలిందాన్నా? గంట కొట్టినట్టు వేళకి మొక్కజొన్న రాల్చే యంత్రం పక్కన కూర్చుని కొట్టాడా? దుప్పి దొరక్కపోతే కట్టిన డబ్బు తిరిగిస్తామన్నారా, అంటే దొరకడం ఖాయమని ముందే ఒప్పుకున్నారా? వేల ఎకరాల ఎస్టేటులో, అక్కడే పుట్టిన దుప్పి వెనక మూడు రోజులు తిరిగి ఒక్క గుండుతో కొట్టి, మాంసం ఇంటికి తెచ్చుకుని ఉంటే అతన్ని తప్పుపట్టడానికి మాకు పెద్దగా కారణం కనబడదు. అక్కడ ఆ దుప్పులు పెరిగిపోయి స్థానిక జింకల మేత లాగేస్తాయి కూడా. ఇరవై ఎకరాల దొడ్లో, మేత యంత్రం దగ్గర, హామీ మీద కొట్టి ఉంటే అది ఫొటో తీసుకునేంత పని కాదు.

ఇప్పుడు మీ తోట. ముందు అటవీ శాఖ బీట్ అధికారికో సెక్షన్ అధికారికో ఫోన్ చేసి, పందులు లోపల ఉన్నాయని, దారి తెరిచి పంపిస్తున్నామని చెప్పండి. ఉద్దానంలో జీడిపండు, పనస రాలే రోజుల్లో ఎలుగుబంట్లు కూడా తోటల్లోకి దిగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. మీ తోటలో ఉన్నవి పందులేనని తేలేదాకా పొదల్లోకి ఎవరినీ దిగనివ్వకండి. అడుగుజాడ చూస్తే తెలిసిపోతుంది. పంది అడుగులో ముందు రెండు గిట్టలు, వాటి వెనక ఇరుపక్కలా బయటికి జరిగి రెండు చిన్న గుంటలు పడతాయి. గట్టి నేల మీద జింకజాతి అడుగులో ఆ వెనక గుంటలు సాధారణంగా పడవు. ఎలుగుది మనిషి పాదంలా ఉండి, వేళ్లకి ముందు పొడుగాటి గోళ్ల గీతలు ఉంటాయి. గోళ్ల గీత కనబడితే మీ పని ఆపేసి అటవీ శాఖ వాళ్లు వచ్చేదాకా తోట ఖాళీగా వదిలేయండి. ఎలుగు మొదటి షెడ్యూలు జంతువు. దాని విషయంలో శిక్ష మూడేళ్లకి తగ్గదు, ఏడేళ్ల దాకా పోవచ్చు.

పందులే అని తేలితే, గెడ్డ పక్కన గట్టు మీద కంచె వలని పది పన్నెండు అడుగుల మేర విప్పి పక్కకి చుట్టండి. దారి కొండవైపే ఉండాలి, రోడ్డు వైపు కాదు. ఆ దారి నిండా మూడడుగుల వెడల్పున గెడ్డ ఇసుకని జల్లించి పరిచి, సాయంత్రం చీపురుతో సమం చేయండి. పొద్దున్నే జాడలు చూసుకోవచ్చు. తోటలో తిండి లేకుండా చేయండి. రాలిన జీడిపండ్లు పొద్దునా సాయంత్రం ఏరించండి, పండిన పనస కోసేయండి, తవ్వడానికి వీలైన కంద తవ్వేసుకోండి, నీటి గుంట ఉంటే రెండు రోజులు ఎండగట్టండి. డప్పులు, టపాకాయలు, కుక్కలు వద్దు. బెదిరిన పంది తెరిచిన దారిని వదిలేసి తెలిసిన పొదలోకే దూరుతుంది.

తిండి దొరక్కపోతే చీకటి పడ్డాక అవే బయటికి నడుస్తాయి. ఇసుకలో పెద్ద జాడ ఒకటి, దాని చుట్టూ చిన్న జాడలు బయటికి మాత్రమే ఉంటే పని అయినట్టే. బయటికీ లోపలికీ రెండు వైపులా ఉంటే రాత్రి మేతకి వెళ్లి తెల్లారేసరికి మళ్లీ మీ తోటకే వచ్చి పడుకుంటున్నాయని అర్థం. అప్పుడు విప్పిన వలని ఒక వెదురు చట్రానికి బిగించి, పైన కప్పీ పెట్టి, యాభై అరవై అడుగుల దూరం నుంచి తాడు వదిలితే కిందికి దిగేలా కట్టుకోండి. రాత్రి జాడలు బయటికి పడ్డాక దించండి. దించేముందు పిల్లల జాడలు లెక్కపెట్టుకోండి. ఒక్క పిల్ల లోపల మిగిలినా తల్లి ఆ రాత్రే కంచె పీకి తిరిగొస్తుంది, ఆ సమయంలో దాని ఎదురుపడటం మంచిది కాదు. మర్నాడు లోపల కొత్త తవ్వుడు కనిపిస్తే మళ్లీ తెరవండి.

కంచె ఎందుకు ఓడిపోయిందంటే పంది సాధారణంగా దూకదు, తవ్వుతుంది. అది తవ్వేది సరిగ్గా వల అడుగునే. దీనికి మందు, రెండడుగుల వెడల్పు వల పట్టీని కంచె అడుగు తీగకి కట్టి, బయటివైపు నేల మీద పరిచి, మూడడుగులకో ఇనుప మేకు దిగ్గొట్టడం. పైన అరచేతి మందం మట్టి వేస్తే గడ్డి పట్టి బిగిసిపోతుంది. పంది తను నిలబడ్డ చోటే తవ్వాలని చూస్తుంది, కాళ్ల కింద వల తగిలి ఊరుకుంటుంది. పట్టీని లోపలివైపు పరిస్తే ఉపయోగం లేదు.

గెడ్డ దగ్గర వల అడ్డంగా కట్టడమే మీ పొరపాటు. మొదటి వానకే కొమ్మలు, చెత్త వచ్చి ఆనుకుంటాయి, నీటి బరువుకి వల చిరుగుతుంది. అక్కడ రెండు గట్ల మీద గట్టి రాతి స్తంభాలు పాతి, అడ్డంగా ఇనుప గొట్టం వేసి, దానికి గొలుసులతో వేలాడే తలుపు పెట్టాలి. తలుపు అడుగు గెడ్డ నేలకి నాలుగంగుళాల పైన ఆగాలి. వరద వస్తే తలుపు నీటితోపాటు తోట లోపలివైపు లేస్తుంది, నీరు తగ్గాక దిగుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది: కొండవైపు నుంచి వచ్చే పంది కూడా దాన్ని అటే తోస్తుంది. అందుకే అడుగున ఒక బరువైన తాటి దూలం బిగించాలి, దానికి అడుగున్నర ముందు సోలార్ తీగ ఒకటి వేలాడాలి.

సోలార్ కంచె వేయదలిస్తే ఇనుప వలకి అడుగు దూరంలో బయట మూడు తీగలు చాలు: నేల నుంచి ఎనిమిది అంగుళాలకి ఒకటి, అడుగున్నరకి ఒకటి, రెండున్నర అడుగులకి ఒకటి. అన్నిటికన్నా కింది తీగ ముఖ్యం. పంది ముట్టెతో వాసన చూస్తూ వస్తుంది, తడి ముట్టెకి తగిలితే వెనక్కి దూకుతుంది. చెవుల వెనక తగిలితే ముందుకే దూకి తీగలు తెంపుకుపోతుంది. మీ ఎర్రనేల ఏప్రిల్, మే నెలల్లో ఎండి బిగుస్తుంది కాబట్టి ఎర్తింగ్ సరిగా పనిచేయక షాక్ తగ్గిపోతుంది. చాలామంది యంత్రం పాడైందనుకుంటారు. ఐదారడుగుల జీఐ (జింకు పూత ఇనుప) గొట్టాలు మూడింటిని పదేసి అడుగుల దూరంలో పాతి, ఎండాకాలం వారానికి రెండుసార్లు నీళ్లు పోయండి. తీగ కింద గడ్డి పెరిగి తాకితే కరెంటంతా నేలలోకి కారిపోతుంది. టెస్టరు ఐదు వేల వోల్టుల పైన చూపాలి. మూడు వేలకి పడిపోతే గడ్డి ఎక్కడ తాకుతోందో వెతకండి.

ఐదు వేల వోల్టులంటే భయపడకండి. ఆ యంత్రం సెకనుకోసారి, సెకనులో వందో వంతు కూడా లేనంతసేపు మాత్రమే కొడుతుంది. తగిలినవాళ్లు విడిపించుకోగలరు. ఇంటి లైను నుంచి 230 వోల్టులు నేరుగా తీగకి ఇస్తే ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుని చెయ్యి వదలదు. పందికి పెట్టిన తీగకి తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన పొరుగు రైతు పోయిన ఊళ్లున్నాయి. అటువంటి తీగ పెట్టినవాళ్లకి మనిషి చావు కేసు, కరెంటు చౌర్యం కేసు రెండూ పడతాయి. ఏనుగులు తిరిగే ప్రాంతం కూడా ఇది. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. నాటుబాంబుల మాట ఎవరైనా ఎత్తితే అక్కడే ఆపేయండి, వాటిని ఊళ్లో ఆవులూ కుక్కలూ కూడా కొరుకుతాయి.

పోయిన కందకి, కొబ్బరి మొక్కలకి నష్టపరిహారం అడగండి. తవ్విన గుంటలని మట్టి కప్పకముందే, తేదీ కనబడేలా, పక్కన కొలబద్ద పెట్టి ఫొటోలు తీయండి. ఎన్ని మొక్కలు పోయాయో సర్వే నంబరు వారీగా రాసి, పాసుపుస్తకం నకలు, ఈ-క్రాప్ (పంట నమోదు) వివరం జతచేసి అటవీ రేంజ్ కార్యాలయంలో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. గ్రామ వ్యవసాయ సహాయకుడి చేత పరిశీలన రాయించుకుంటే బలం. ఆలస్యమైతే గుంటలు పూడిపోతాయి, చూపించడానికి ఏమీ మిగలదు. మళ్లీ మళ్లీ నష్టం జరిగితే ఈ కాగితాలే రేపు రాతపూర్వక అనుమతి అడగడానికి ఆధారం.

మీ బావమరిది వేట మీద సరదా పడుతున్నారు కాబట్టి ఇసుక మీద జాడలు చదివే పని ఆయనకే అప్పజెప్పండి, ఆ చూపు ఆయనకే ఉంటుంది. పండక్కి పొట్టేలు తెచ్చుకోండి. గెడ్డ మీద తలుపు పని మాత్రం జూన్ వానలు పడకముందే ముగించాలి. నీరు వచ్చాక స్తంభాల గుంట తవ్వితే గట్టు జారిపోతుంది.